పాపం, లెన్స్ తప్పేం లేదు: ఫొటోగ్రఫీలో కొన్ని అపోహలు - వాస్తవాలు

కిందటేడు సద్దుల బతుకమ్మ మరునాడు మా పక్కింటి కుర్రాడు కెమెరా పట్టుకొచ్చాడు. "అన్నా, కెమెరాతో వచ్చిన ఈ కిట్ లెన్స్ అమ్మేస్తనే. ఫొటోలన్నీ మసకమసకగ వచ్చినయ్" అన్నాడు. ఒక ఫొటో పెద్దది చేసి చూశాను. మధ్యలో పెట్టిన బతుకమ్మ మీద తంగేడు రేకులు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. చుట్టూ ఆడేవాళ్ల చేతులే పొగలా సాగిపోయాయి. లెన్స్ బాగాలేకపోతే పూలు కూడా మసకగానే రావాలి కదా! సెట్టింగ్స్ చూస్తే షటర్ (వెలుతురు లోపలికి వచ్చేలా తెరిచి ఉండే సమయం) సెకనులో 15వ వంతు, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800. చప్పట్లు కొట్టే చెయ్యి అంతసేపు ఆగుతుందా?

అపోహ: ఫొటో మసకగా వస్తే లెన్స్ నాసిరకం.
వాస్తవం: మసకల్లో రకాలున్నాయి. కదలనివి స్పష్టంగా ఉండి మనుషులే సాగిపోతే షటర్ నెమ్మదైంది. ఫ్రేమంతా ఒకే వైపుకి సాగితే మన చెయ్యి కదిలింది. ముఖం మసకగా, వెనక గోడ స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. ఈ మూడూ కాదని తేలాకే లెన్స్‌ని అనుమానించండి. "స్టెబిలైజేషన్ ఉందిగా" అంటారు. అది మన చేతి వణుకుకే. ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు.

అపోహ: ఐఎస్ఓ 800 దాటితే ఫొటో పాడైపోతుంది.
వాస్తవం: ఆ కుర్రాడి టెన్షన్ కూడా ఇదే. అదే వెలుతురులో 6400 పెట్టి ఉంటే షటర్ సెకనులో 125వ వంతు దాకా వచ్చేది. నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి, కాదనను. దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు. సాగిపోయిన చేతిని మాత్రం వెనక్కి తేలేం. చీకటిగా తీసి కంప్యూటర్‌లో వెలుతురు పెంచినా నాయిస్ తప్పదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

అపోహ: 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొంటే ఇక చూసుకోనక్కర్లేదు.
వాస్తవం: ఇది సగం నిజం. ఎఫ్ అంకె ఎంత తక్కువైతే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది. కిట్ లెన్స్‌ని 55 ఎంఎం దగ్గర పెడితే ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 1.8లో దానికి దాదాపు పది రెట్లు వెలుతురు వస్తుంది. కానీ ఏపీఎస్-సీ (కాస్త చిన్న సెన్సర్ ఉండే) కెమెరాతో రెండు మీటర్ల దూరంలో ఫోకస్ నిలిచే లోతు మొత్తం కలిపి సుమారు 11 సెంటీమీటర్లే. ముందు నిలబడ్డ అత్తయ్య స్పష్టంగా వస్తుంది, వెనక మామయ్య గల్లంతు! పైగా ఆ కెమెరాల్లో ఈ లెన్స్ 75-80 ఎంఎంలా, అంటే ఇంకా ఇరుకుగా చూస్తుంది కాబట్టి చిన్న గదిలో మన వీపు గోడకు ఆనుతుంది. ఇంట్లో పిల్లల్ని తీయడానికైతే 35 ఎంఎం కొనమనే చెబుతాను.

అపోహ: మాన్యువల్ మోడ్‌లో తీస్తేనే ఫొటోగ్రాఫర్.
వాస్తవం: పెళ్లిళ్లలో నేను ఎక్కువగా వాడేది అపర్చర్ ప్రయారిటీ (లెన్స్ రంధ్రం మనం ఎంచుకుంటే షటర్ కెమెరా చూసుకునే మోడ్), ఆటో ఐఎస్ఓ. కనీస షటర్ 250వ వంతు దగ్గర పెట్టుకుంటాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో డయల్ తిప్పుతూ కూర్చుంటే నష్టం ఎవరికి?

అపోహ: ఎఫ్ 22 పెడితే అంతా పదునుగా వస్తుంది.
వాస్తవం: లోతు పెరుగుతుంది, పదును తగ్గుతుంది. రంధ్రం మరీ చిన్నదైతే వెలుతురు చెదిరిపోతుంది. ఎఫ్ 8, 11 చాలు.

అపోహ: తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే లెన్స్ భద్రం.
వాస్తవం: లెన్స్ నిజంగా పాడయ్యేది అక్కడే. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, చెమ్మకు ఫంగస్ పుడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. బియ్యం వద్దు, దుమ్ము రాలుతుంది. సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తే ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోకండి.