చిన్న హైబ్రిడ్ వెనుక ట్రైలర్

యూరప్‌లో సెలవులకు బయల్దేరే కుటుంబాలు కారు వెనక చిన్న ట్రైలర్ తగిలించుకోవడం మామూలే. టెంట్లు, సైకిళ్లు అన్నీ అందులోనే వెళ్తాయి. అలాంటి చోట కూడా పెట్రోలు ఇంజిన్, కరెంటు మోటార్లు రెండూ ఉన్న హైబ్రిడ్ కారు టొయోటా ప్రియస్‌కు మూడో తరం వరకు ట్రైలర్ లాగే అనుమతి లేదు. నాలుగో తరంలో 725 కిలోల పరిమితి ఇచ్చారు.

ఇంజిన్‌కు బలం చాలకనా? లెక్క చూస్తే అలా లేదు. కారు, ట్రైలర్ కలిపి 1,900 కిలోలు అనుకుందాం. 6 శాతం వాలున్న ఎక్కుడులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి, గాలినీ టైర్ల ఘర్షణనూ కలుపుకున్నా, 30 కిలోవాట్లు దాటదు. నాలుగో తరం ఇంజిన్ ఒక్కటే 70 కిలోవాట్ల పైన ఇస్తుంది.

ఇబ్బంది వేడితో వస్తుంది. ప్రియస్‌లో మామూలు గేర్‌బాక్స్ లేదు, క్లచ్ లేదు. ఇంజిన్, రెండు మోటార్లు ఒక ప్లానెటరీ గేర్ (నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే పళ్ల చక్రాల జత) దగ్గర కలుస్తాయి. ఇంజిన్ టార్క్‌లో సుమారు 72 శాతం నేరుగా చక్రాల వైపు పోతుంది. మిగతా 28 శాతం మొదటి మోటార్‌ను తిప్పి కరెంటుగా మారి, కరెంటును మోటార్‌కు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ గుండా రెండో మోటార్‌కు చేరి, చక్రాలకు వస్తుంది. బరువుతో నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఇంజిన్ శక్తిలో ఈ చుట్టుదారిన పోయే వాటా పెరుగుతుంది, దాంతోపాటే వేడీ పెరుగుతుంది. ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని ఆపి ఉంచడం మరీ ప్రమాదం. మోటార్ తిరగదు కాబట్టి కరెంటంతా కొన్ని చుట్లలోనే పారుతూ వాటిని కాల్చేస్తుంది. హ్యాండ్‌బ్రేక్ ఉన్నది అందుకే.

రివర్స్ సంగతి చాలామందికి తట్టదు. ఈ కారుకు రివర్స్ గేరే లేదు, రెండో మోటార్ ఒక్కటే వెనక్కి తిరుగుతుంది. బ్యాటరీ తగ్గి ఇంజిన్ మొదలైతే, అది చక్రాలను ముందుకే తోస్తుంది. ఆ తోపును కూడా మోటారే ఎదుర్కోవాలి. అందుకే వాలు మీదికి ట్రైలర్‌ను వెనక్కి ఎక్కించడమే ఈ కారుకు అన్నిటికన్నా కష్టమైన పని అని నేను నమ్ముతాను.

దిగుడులో లెక్క తిరగబడుతుంది. అప్పుడు చక్రాలే మోటార్‌ను తిప్పుతాయి, అది కరెంటు పుట్టించి బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపుతుంది. నికెల్ బ్యాటరీ ఉన్న ప్రియస్‌లలో దాని సామర్థ్యం సుమారు 1.3 యూనిట్లు. మన్నిక కోసం అందులో 40 నుంచి 80 శాతం మధ్య భాగాన్నే, అంటే అర యూనిట్‌నే వాడతారు. ఆ 1,900 కిలోలు 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి కూడా దాదాపు అంతే. కొంత గాలికి పోయినా, ఆల్ప్స్ లాంటి కొండల్లో బ్యాటరీ త్వరగానే నిండిపోతుంది. ఆ తర్వాత భారమంతా బ్రేకులదే. యూరప్‌లో 750 కిలోల లోపు ట్రైలర్లకు సొంత బ్రేకులు తప్పనిసరి కాదు కనుక, చాలాసార్లు అవి కారు బ్రేకులే. గేర్ లివర్‌ను బి స్థానంలో (ఇంజిన్‌తో బండిని నెమ్మదింపజేసే స్థానంలో) పెడితే ఇంజిన్ పెట్రోలు కాల్చకుండానే తిరుగుతూ, గాలిని నొక్కుతూ కొంత శక్తిని తింటుంది. బ్రేకులు వేడెక్కాక కాకుండా దిగుడు మొదలయ్యే ముందే లివర్ అక్కడికి మార్చాలి.