ఒంటె మశూచి: పెచ్చు రాలితే రోగం పోయినట్టేనా?

1909లోనే పంజాబ్‌లో నమోదైన రోగం ఇది. రాజస్థాన్ మందల్లో ఇప్పటికీ పాత అపోహలే తిరుగుతున్నాయి.

అపోహ: ఇది గజ్జే, నూనె రాస్తే పోతుంది.
వాస్తవం: గజ్జిలో దురద విపరీతం, జ్వరం ఉండదు. మశూచిలో ముందు జ్వరం, లింఫ్ గ్రంథుల వాపు. ఒకటి నుంచి మూడు రోజుల్లో పెదవులు, ముక్కుపుటాలు, కనురెప్పలు, చెవుల అంచుల మీద పొక్కులు లేస్తాయి. ఆ తర్వాత మెడ, కాళ్లు, పొదుగు. పారాపాక్స్ అనే వేరే వైరస్ కురుపులూ అచ్చం ఇలాగే కనిపిస్తాయి కాబట్టి కంటిచూపుతో తేల్చేయకండి, పీసీఆర్ (వైరస్ జన్యువును గుర్తించే ల్యాబ్ పరీక్ష) చేయించండి. పెచ్చునీ చర్మపు ముక్కనీ శుభ్రమైన డబ్బాలో ఐస్ మీద పంపాలి. అన్నిటినీ ఫార్మాలిన్‌లో (కణజాలం కుళ్లకుండా దాచే రసాయనం) ముంచి పంపేవాళ్లున్నారు. ఫార్మాలిన్ వైరస్‌ను చంపేస్తుంది, ఇక ల్యాబ్‌లో దాన్ని పెంచి చూడటం కుదరదు.

అపోహ: పెచ్చులు రాలాయి, ఇక భయం లేదు.
వాస్తవం: అసలు ప్రమాదం అక్కడే. పుండ్లు మానడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. రాలిన పెచ్చులో మాత్రం వైరస్ 4 నెలలైనా బతికే ఉంటుంది. పెచ్చులు ఏరి కాల్చేయండి. తొట్టిని ముందు నీళ్లతో రుద్ది కడగాలి, ఎందుకంటే పేడ, బురద ఉంటే క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత 1% హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్ ద్రావణం) పోయాలి: 5% ద్రావణం ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు, ఏ రోజుకారోజు కలిపినదే. ముక్కుతాళ్లను 10 నిమిషాలు మరగబెట్టండి.

అపోహ: యాంటీబయాటిక్ వేస్తే మశూచి తగ్గుతుంది.
వాస్తవం: అది వైరస్‌ను ఏమీ చేయదు. పుండ్లలో చీము పట్టినా, పొదుగువాపు వచ్చినా వాడతాం, అంతే. పెదవులు పుండైన ఒంటె పిల్ల పాలు చీకలేదు, చేత్తో పట్టాలి. మెత్తటి మేత, నీళ్లు అందుబాటులో ఉంచాలి. పిల్లల్లోనే చావులు ఎక్కువ.

అపోహ: మనుషులకు అంటదు.
వాస్తవం: అరుదు, కానీ అంటుతుంది. 2009లో వాయవ్య భారతంలో ఒంటెల కాపరుల చేతులు, వేళ్ల మీద పొక్కులు వచ్చిన కేసులు నిర్ధారణ అయ్యాయి. జన్యుపరంగా మనుషుల మశూచి వైరస్‌కు దగ్గరి చుట్టమే అయినా, ఇది మనుషుల మశూచి కాదు. చేతికి గాయం ఉంటే పుండ్లున్న ఒంటెను ముట్టుకోవద్దు, పాలు పితకొద్దు.

అపోహ: ఒక్కసారి టీకా వేస్తే జీవితాంతం చాలు.
వాస్తవం: గల్ఫ్‌లో వాడేది బలహీనపరిచిన సజీవ టీకా, దాని రక్షణ ఎక్కువ కాలం నిలుస్తుంది. అయినా 6 నుంచి 9 నెలల వయసు లోపు టీకా వేసిన ఒంటె పిల్లలకు మళ్లీ బూస్టర్ ఇవ్వాలి. నిర్జీవ టీకా (చంపిన వైరస్‌తో చేసినది) అయితే ఏటా వేయాల్సిందే.