పెద్దాయన తాగని కాఫీ

పాలస్తీనాలో పిల్లను అడగడానికి అబ్బాయి తరఫు పెద్దమనుషులు పదిమంది కలిసి వెళ్తారు. దాన్ని జాహా అంటారు. అమ్మాయి ఇంట్లో కాఫీ ఇస్తారు. పెద్దాయన కప్పు అందుకుంటాడు గానీ తాగడు, పక్కన పెట్టి వచ్చిన పని చెబుతాడు. "కాఫీ తాగండి" అని అటువైపు పెద్ద అంటే సంబంధం ఖాయమైనట్టే. మాటలన్నీ చాలాసార్లు ముందే అయిపోయి ఉంటాయి, మన పెళ్లిచూపుల్లాగే. ఆ కప్పు కంటే ముందు పిల్లలిద్దరూ ఎక్కడో కలుసుకున్నారని తెలిస్తేనే గొడవ.

ప్రేమించడం నేరమని అక్కడి చట్టం చెప్పదు. అడ్డుపడేది హమూలా, అంటే తండ్రి వైపు వంశం. పొలం, పరువు, పగ అన్నీ దానికి ఉమ్మడి ఆస్తే. ఆస్తి బయటికి పోకుండా పిల్లను చిన్నాన్న, పెదనాన్న కొడుకులకే ఇవ్వాలని చూసేవాళ్లు. మన మేనరికానికి ఇది తిరగేసిన లెక్క. మనకు అన్నాచెల్లెళ్లయ్యేవాళ్లే అక్కడ మొదటి వరస! పెళ్లికూతుర్ని గుర్రం మీంచైనా దించేసే హక్కు చిన్నాన్న కొడుక్కి ఉందని సామెత. బదల్ అనే కుండమార్పిళ్లూ ఉండేవి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో ఏడు లక్షల మంది దాకా ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు. పొలం పోయాక వంశం కాపలా కాయడానికి మిగిలింది ఆడపిల్ల పేరే అనిపిస్తుంది నాకు.

కాపలా దాటినందుకు చంపితే? వెస్ట్ బ్యాంక్‌లో నేటికీ నడుస్తున్న 1960 నాటి జోర్డాన్ శిక్షాస్మృతిలో 340వ సెక్షన్ అలాంటి మగవాడికి శిక్ష తగ్గించేది. అరబ్బుల ఆచారమని అందరూ తిట్టే ఈ సెక్షన్ వేళ్లు 1810 నాటి ఫ్రెంచి చట్టంలో ఉన్నాయి. అది 1858లో ఒట్టోమన్ (టర్కీ సామ్రాజ్యపు) చట్టంలోకి, అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చింది. ఫ్రాన్స్ తన సెక్షన్‌ను 1975లో తీసేసింది.

2011 మేలో అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ 340ని ఆపేశారు. కానీ కోర్టుల్లో అసలు పనిచేసింది 98, 99 సెక్షన్లు: ఒకటి ఆవేశంలో చేశాడనడానికి, రెండోది శిక్ష తగ్గించడానికి. చంపినవాడూ చచ్చినామే ఒకే ఇంటివాళ్లు, క్షమించామని కోర్టులో చెప్పేదీ ఆ ఇల్లే. దాంతో శిక్ష బాగా తగ్గిపోయేది. వీటిని 2014, 2018లో సవరించారు. గాజాది మళ్లీ వేరే దారి, అక్కడ 1936 నాటి బ్రిటిష్ కాలపు చట్టం.

2019లో బెత్లెహేం దగ్గర ఒక యువతి చనిపోతే ఆమె బంధువుల మీదే కేసు పెట్టారు. ఆడవాళ్లు వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది నవంబరులో పెళ్లి వయసు ఇద్దరికీ 18కి పెంచారు, మినహాయింపులు మాత్రం కోర్టు చేతిలో ఉంచారు.

ఇప్పటి జంటలు వాట్సాప్‌లో ఎంత మాట్లాడుకున్నా, కలిసి బయట తిరగాలంటే ముందు కితాబ్, అంటే పెళ్లి ఒప్పందం, రాయించుకోవాలి. మన నిశ్చితార్థంలా కనిపిస్తుంది గానీ, చట్టం దృష్టిలో అదే పెళ్లి. కొన్నాళ్లు తిరిగాక కుదరదనుకుంటే విడాకులే గతి. విందు కూడా జరగని పిల్ల కాగితాల్లో విడాకులైనదిగా మిగులుతుంది.