రోడ్డు వేయకముందే మాట్లాడాలి, పిల్లలూ

మన బెంగళూరు మారతహళ్లి తెలుగు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

రోడ్డు పని కోసం వీధి చెట్లకు అంకెలు వేసి వెళ్లినప్పటి నుంచి "కొట్టేముందు మనల్ని అడగరా?" అని నన్ను అడుగుతూనే ఉన్నారు. అడగాలి. కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం 50కి మించి చెట్లు కొట్టాల్సి వస్తే అధికారి ముందుగా ప్రజల అభ్యంతరాలు కోరాలి. గడువు పది రోజులే.

పెద్ద హైవేలు, విమానాశ్రయాల వంటివాటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా ఉంటుంది. 2006లో కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ దీనికి ఆధారం. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. సభనంతా వీడియో తీయాలి. ఎవరేమన్నారో చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. మీకు కన్నడం బాగా వచ్చు కదా, అమ్మమ్మ పక్కన కూర్చుని అర్థం చెప్పండి.

అక్కడ ఓట్లు లెక్కపెట్టరు. వెయ్యిమంది వద్దన్నా పని ఆగాలన్న నియమం లేదు. కానీ సభలో వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాలకు, పర్యావరణానికి కలిగే నష్టాన్ని అంచనా వేసే తుది నివేదికలో జవాబు చెప్పి తీరాలి. అందుకే "చెట్లు మన ప్రాణం" అని ఊరుకోకండి. ఏ వానకు రాజకాలువ (వాననీరు పోయే పెద్ద కాలువ) ఎక్కడిదాకా పొంగిందో, బడి బస్సు ఎక్కడ ఆగిపోయిందో తేదీతో సహా రాయండి. అవి మీకు తెలిసినంత బాగా ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియవు.

ఊరి చుట్టూ వేయాలనుకున్న మన పెరిఫెరల్ రింగ్ రోడ్డునే చూడండి. అప్పటి ప్రణాళికలో తుమకూరు రోడ్డు నుంచి హోసూరు రోడ్డు దాకా దాదాపు 65 కిలోమీటర్లు. 2014లోనే పర్యావరణ అనుమతి వచ్చేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లాక, 2020 మార్చి తీర్పులో కోర్టు లోపాలు ఎత్తిచూపింది. నివేదికకు వాడిన వివరాలు మూడేళ్లు దాటినవి. దారిలో ఉన్న పెట్రోలియం పైప్‌లైన్ల ఊసే లేదు! కోర్టు మళ్లీ అధ్యయనం చేయమంది. కొత్త నివేదికలో కొట్టాల్సిన చెట్లు 33,838 అని తేలింది. అంత పెద్ద సంగతి అనుమతికి ముందే తేలాల్సింది. నాకు ఇప్పటికీ మనసు మండుతుంది.

మనకు రోడ్లూ కావాలి. ఎటు వేస్తే నష్టం తక్కువో చెప్పే వేళ మాత్రం పని మొదలయ్యాక రాదు.

ఈ ఆదివారం నాన్నతో వెళ్లి చెట్లు లెక్కపెట్టండి. కానుగో నేరేడో తెలియకపోతే ఆకు నాకు చూపించండి. అభ్యంతరం రెండు కాపీలు రాయండి. ఒకటి ఆ అధికారి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి.

మీ తాతయ్య