శవపంచనామా ఉన్న దెయ్యం

"గ్రీకుల మెడూసా, అమెరికా ఆదివాసుల వెండిగో, జపాన్ వాళ్ళ యూకీ ఒన్నా, మన బ్రహ్మరాక్షసుడు... వీళ్ళందరిలో మీకు బాగా ఇష్టమైనదెవరు, బాగా భయపెట్టేదెవరు?" అని ఒక పాఠకురాలు అడిగారు. రెండు ప్రశ్నలకీ నా జవాబు ఒకటే: సెర్బియా పల్లెల రక్తపిశాచి. సినిమాల్లో కనిపించే నల్లకోటు డ్రాక్యులా జమీందారు కాదు సుమా. ఆయన తెల్లగా పాలిపోయి, సన్నగా, పెద్దమనిషిలా ఉంటాడు. అసలు పల్లెటూరి పిశాచి ఎర్రగా, బొద్దుగా, పొట్ట ఉబ్బి, పెదాల మీద నెత్తురుతో ఉంటుంది. రైతు కుటుంబంలో పుట్టి రైతుగానే చచ్చిన దెయ్యం. మిగతా దెయ్యాలకు కథలున్నాయి. దీనికి సైనిక డాక్టరు సంతకం పెట్టిన శవపంచనామా ఉంది. అందుకే నాకిది అంత ఇష్టం.

1718లో ఆస్ట్రియా చక్రవర్తి తుర్కుల దగ్గర్నుంచి ఉత్తర సెర్బియాను గెలుచుకున్నాడు. కొత్త అధికారులు ఊళ్ళలోకి వెళ్ళి చూస్తే జనం సమాధులు తవ్వుతున్నారు. అధికారి అన్నవాడు రిపోర్టు రాయకుండా ఉండలేడు కదా, రాశాడు. చరిత్ర ఇంతవరకు చాలు, శవాల దగ్గరికి వెళ్దాం.

1725, కిసిల్యెవో అనే ఊరు. పీటర్ బ్లగోయెవిచ్ అనే ఆయన చనిపోయి పది వారాలైంది. ఈలోపు ఎనిమిది రోజుల్లో తొమ్మిదిమంది పోయారు. ఒక్కొక్కరూ ఒక రోజు జబ్బుపడి, "పీటర్ రాత్రి వచ్చి నా మీద పడి గొంతు నొక్కాడు" అని చెప్పి పోయారట. ఊరివాళ్ళు పట్టుబట్టడంతో ఫ్రాంబాల్డ్ అనే అధికారి పూజారిని వెంటబెట్టుకుని సమాధి దగ్గరికి వెళ్ళాడు. ఆయన రాసుకున్నది ఇది: వాసన లేదు, ముక్కు కొంచెం పోయింది కానీ ఒళ్ళు తాజాగా ఉంది, జుట్టు, గడ్డం, గోళ్ళు పెరిగాయి, పాత చర్మం తెల్లగా ఊడిపోయి కింద కొత్త చర్మం వచ్చింది, నోట్లో తాజా నెత్తురు ఉంది. గుండెలో చెక్క మేకు దింపితే చెవుల్లోంచి, నోట్లోంచి నెత్తురు కారింది. ఇంకా కొన్ని "అడవి లక్షణాలు" కూడా కనిపించాయట, మర్యాద కొద్దీ వాటిని రాయడం లేదన్నాడు. ఏ అవయవం గురించి మర్యాద పాటించాడో ఫోరెన్సిక్ చదివినవాళ్ళకి తెలుస్తుంది, కాసేపట్లో మీకూ తెలుస్తుంది.

ఏడేళ్ళ తర్వాత, 1732 జనవరిలో, మెద్వెజా అనే ఊళ్ళో ఇంకా పెద్ద గొడవ. మూడు నెలల్లో పదిహేడు మంది పోయారు. ఈసారి పటాలం డాక్టరు యోహానెస్ ఫ్లూకింగర్ స్వయంగా శవాలు కోసి చూశాడు. అందులో మిలిట్సా అనే అరవై ఏళ్ళ ముసలమ్మ ఉంది. పాతిపెట్టి తొంభై రోజులు దాటింది. ఛాతీ నిండా ద్రవంగా ఉన్న రక్తం. చిన్నప్పట్నుంచీ ఆమెని ఎరిగినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. బతికినన్నాళ్ళూ ఎండుపుల్లలా ఉన్న మనిషి సమాధిలో ఒళ్ళు చేసింది! అదే శ్మశానంలో, అదే మట్టిలో, పక్కనే పడుకున్న ఊరి పెద్ద భార్య, ఆమె పసిబిడ్డ మాత్రం పూర్తిగా కుళ్ళిపోయి ఉన్నారు. డాక్టరు ఇదంతా పూసగుచ్చినట్టు రాసి, కింద సాక్షుల సంతకాలు పెట్టించాడు. "పిశాచి స్థితి"లో ఉన్నవాళ్ళ తలలు నరికి, ఒళ్ళు కాల్చి, బూడిద మొరావా నదిలో కలిపారు.

ఈ రిపోర్టులు చదివి నవ్వుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఆ రైతులు చూసింది చూసినట్టే చెప్పారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఇప్పుడు మీ వంటింట్లోకి రండి. టిఫిను తినకపోతే ముందు అది కానివ్వండి.

ఎండాకాలం రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి గిన్నె నిండా పోసి మూతపెట్టి పడుకుంటే పొద్దున్న ఏం జరుగుతుంది? పిండిలోని సూక్ష్మజీవులు రాత్రంతా తిని గాలి వదుల్తాయి, పిండి పొంగుతుంది, మూతని తోసేసి గట్టు మీదికి కారుతుంది. గిన్నెలో పిండి పెరగలేదు, గాలి పెరిగింది. మిలిట్సా ఒళ్ళు చేయడం ఇదే. మనిషి పోగానే ఒంట్లో ఆక్సిజన్ అయిపోతుంది, కణాలు తమ ఎంజైములతో తామే కరుగుతాయి, పేగుల్లో ఇన్నాళ్ళూ అదుపులో ఉన్న బాక్టీరియాకి పట్టపగ్గాలుండవు. మీథేన్, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. గిన్నెకి ఉన్నంత గట్టి గోడలు మనిషికి లేవు కాబట్టి ఒళ్ళంతా సాగుతుంది. పొట్ట, మొహం, ఫ్రాంబాల్డ్ మర్యాద పాటించిన భాగం, అన్నీ ఉబ్బుతాయి.

మరి మూత? అది మన డయాఫ్రమ్, పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండరాల పొర. కింద గాలి ఒత్తిడి పెరిగేకొద్దీ అది పైకి జరిగి ఊపిరితిత్తుల్ని నొక్కుతుంది. అప్పటికే కుళ్ళి ఎర్రటి ద్రవంతో నిండిన ఊపిరితిత్తులు ఆ ద్రవాన్ని శ్వాసనాళం గుండా నోట్లోకి, ముక్కులోకి తోస్తాయి. పిండి గట్టు మీదికి కారింది. "రాత్రి ఎవరి రక్తమో తాగి వచ్చాడు" అన్నది ఇదే. శవం తన కఫన్‌ని నమిలి తింటోందని జర్మనీలో పుట్టిన నమ్మకం కూడా ఇక్కడిదే. నోటి మీది గుడ్డ ఆ ద్రవంలో నాని చివికి చిల్లు పడుతుంది.

మేకు దింపితే శవం మూలిగిందని మరో సాక్ష్యం. మెద్వెజాలోనే కొన్నేళ్ళ ముందు గడ్డిబండి మీంచి పడి పోయిన ఆర్నాట్ పావ్లేని నలభయ్యో రోజున తవ్వి పొడిచినప్పుడు గట్టిగా మూలిగాడట. మూలుగుతాడు మరి. ఒత్తిడితో నిండిన ఛాతీని ఒక్కసారి నొక్కితే గాలి స్వరపేటిక గుండానే బయటికి రావాలి. ఆ దారిలో వెళ్ళే గాలి శబ్దం చేస్తుంది, అది బతికున్నవాడి గాలైనా, చచ్చినవాడిదైనా.

రక్తం గడ్డకట్టలేదేమని అడుగుతారు. గడ్డకడుతుంది, మళ్ళీ కరుగుతుంది. గడ్డని పట్టి ఉంచే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ దారాల్ని తెంపే ఎంజైములు చావు తర్వాత కూడా పనిచేస్తాయి. హఠాత్తుగా పోయినవాళ్ళలో రక్తం ద్రవంగా ఉండటం మార్చురీల్లో రోజూ చూసేదే. హైడ్రోజన్ సల్ఫైడ్ హిమోగ్లోబిన్‌తో కలిస్తే సల్ఫ్‌హిమోగ్లోబిన్ పుట్టి, పొట్టకి కుడివైపు అడుగున, పెద్దపేగు మొదలు చర్మానికి దగ్గరగా ఉన్నచోట, మొదటి ఆకుపచ్చ మచ్చ వేస్తుంది. తర్వాత రక్తనాళాల వెంట చలువరాతి గీతల్లా అది పాకుతుంది. పైచర్మం, లోచర్మం విడిపోయి చేతి తోలు గ్లౌజులా గోళ్ళతో సహా ఊడిరావచ్చు. కింద లేతగా, గులాబీరంగుతో కనిపించేదే "కొత్త చర్మం". శవానికి గోళ్ళు, గడ్డం పెరగవు. చుట్టూ చర్మం ఎండి వెనక్కి లాక్కుపోవడం వల్ల పెరిగినట్టు అనిపిస్తాయి.

పదో తరగతి జీవశాస్త్రంలో కిణ్వనం పాఠం చెప్పేటప్పుడు ఈస్టు, చక్కెర నీళ్ళు, సున్నపుతేట... అంతే. ఇలాంటి చర్యే పోయాక మన పేగుల్లోనూ జరుగుతుందని ఒక్క వాక్యం చెబితే ఆ పాఠం జన్మలో మర్చిపోరు. తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు వస్తాయనుకోండి, అది వేరే సంగతి.

ఇక వంటింటి పోలికలో మిగిలింది ఫ్రిజ్. అందులో పెడితే పిండి పొంగదు. శవం కూడా ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి కుళ్ళే వేగం మారుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో బెర్లిన్ ఫోరెన్సిక్ డాక్టరు కాస్పర్ ఒక మోటులెక్క చెప్పాడు: గాలిలో ఒక వారం కుళ్ళడం, నీళ్ళలో రెండు వారాలు, మట్టిలో ఎనిమిది వారాలు, మూడూ సమానం. పీటర్ పది వారాలంటే గాలిలో తొమ్మిది రోజుల కింద లెక్క. పావ్లే నలభై రోజులంటే ఐదు రోజులు. ఇద్దరూ సరిగ్గా ఉబ్బు మీద ఉన్నప్పుడు దొరికిపోయారు! ఊళ్ళో అంటురోగం వచ్చి, పదిమంది పోయి, జనం భయపడి పలుగూ పారా పట్టుకోవడానికి పట్టే సమయం, మట్టిలో శవం ఉబ్బడానికి పట్టే సమయం దాదాపు ఒకటే. నా దృష్టిలో రక్తపిశాచిని పుట్టించింది ఈ రెండు గడియారాలు కలవడమే. రెండేళ్ళు ఆగి తవ్వి ఉంటే ఎముకలు చూసి ఇంటికి పోయేవాళ్ళు. పక్కపక్క సమాధుల్లో ఒకరు తాజాగా, ఇంకొకరు కుళ్ళిపోయి ఉండటంలోనూ వింత లేదు. కొవ్వు, బట్టలు, గొయ్యి లోతు, పోయినప్పుడు రక్తంలో ఉన్న సూక్ష్మజీవులు, వీటిలో ఏది మారినా వేగం మారుతుంది.

రక్తపిశాచులంటే పోర్ఫైరియా అనే అరుదైన రక్తసంబంధ జబ్బు ఉన్న రోగులని 1985లో ఒక జీవరసాయన శాస్త్రవేత్త అన్న మాట ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. వాళ్ళు ఎండకు తాళలేరు కాబట్టి సరిపోయిందట. పల్లె పిశాచి ఎండకి కాలిపోదు, అది తర్వాతి కల్పన. పైగా జనం పట్టుకున్నది రోగుల్ని కాదు, శవాల్ని.

1755లో మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ నివేదిక చూసి ఈ తవ్వకాల్ని నిషేధించింది. అమెరికాలో మాత్రం 1892 దాకా సాగింది. రోడ్ ఐలండ్‌లోని ఎక్సెటర్‌లో మెర్సీ బ్రౌన్ పంతొమ్మిదేళ్ళకు క్షయతో పోయింది. జనవరి చలిలో శవాన్ని రాతి గదిలో ఉంచారు, అంటే ఫ్రిజ్‌లో పెట్టినట్టే. అన్న ఎడ్విన్ కూడా దగ్గుతున్నాడని మార్చిలో కుటుంబం సమాధులన్నీ తెరిచారు. 1883, 1884లో పోయిన తల్లి, అక్క ఎముకలయ్యారు. మెర్సీ తాజాగా ఉంది, గుండెలో రక్తం ఉంది. చూసిన డాక్టరు ఇది మామూలేనని, ఊపిరితిత్తుల్లో క్షయ ఉందని చెప్పాడు. విన్నారు, విని గుండె, కాలేయం కాల్చి ఆ బూడిద నీళ్ళలో కలిపి ఎడ్విన్ చేత తాగించారు. మే నెలలో అతనూ పోయాడు. జర్మన్ డాక్టరు రాబర్ట్ కాక్ క్షయకి కారణమైన బాక్టీరియాని ప్రకటించి అప్పటికి పదేళ్ళు.

అయినా వాళ్ళు నేరం మోపింది చచ్చినవాళ్ళ మీద. మన ఊళ్ళలో వరసగా జబ్బులొస్తే చేతబడి, చిల్లంగి, బాణామతి అని బతికున్న పక్కింటివాళ్ళ మీద పడతాం. పళ్ళు పీకడాలు, కొట్టి చంపడాలు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఈ రెంటిలో సెర్బియా పద్ధతే నయం.

మన దెయ్యాలకి ఒళ్ళు లేకపోవడానికి కూడా ఇక్కడే ఒక కారణం ఉందని నా ఊహ. దహనం చేస్తే చూడటానికేం మిగలదు. మనలో పాతిపెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ గొయ్యి మళ్ళీ తవ్వరు. గ్రీసులో అలా కాదు, కొన్నేళ్ళకి తవ్వి ఎముకలు తీసి ద్రాక్షసారాతో కడగడం ఆచారం. మనకి దెయ్యం 'గాలి', సోకుతుంది, పడుతుంది, వదుల్తుంది. శవంలో కాపురముండే మన బేతాళుడు ఒక్కడే దీనికి మినహాయింపు. కాస్పర్ లెక్క అతనికి వర్తింపజేస్తే, చెట్టుకు వేలాడే శవం గాలిలో ఉన్నట్టు, అంటే మట్టికన్నా ఎనిమిది రెట్ల వేగం, పైగా మన ఎండలు. పాత కథలో విక్రమార్కుడి రాకపోకలన్నీ ఒక్క రాత్రిలో ముగుస్తాయి కాబట్టి సరిపోయింది. మనం చిన్నప్పుడు పత్రికలో చదివినట్టు నెలకొకసారి భుజానికెత్తుకుంటే, మూడో సంచికకల్లా ఆయన మోసేది ఎముకల మూటే.