చెయ్యి చూడకుండా టెక్నిక్ చెప్పలేను: బిల్డర్ జెల్ మీద అపోహలు, వాస్తవాలు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో నాది చిన్న నెయిల్ స్టూడియో. రెండు కుర్చీలు, ఒక టేబుల్, ఒక ఇన్వర్టర్. వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోకముందే ఫోన్ తీసి రీల్ చూపిస్తారు. "అక్కా, నాకూ ఇట్టానే చెయ్యి" అంటారు. నేను చెయ్యి ఇటివ్వమంటాను. వాళ్లు ఫోన్ ఇస్తారు.

బిల్డర్ జెల్ అంటే గోరుకు బలం, పొడవు ఇవ్వడానికి వేసి ల్యాంప్ వెలుగులో గట్టిపరిచే చిక్కటి జెల్. దాన్ని వేసే పద్ధతులు ముఖ్యంగా నాలుగు. సొంత గోరు మీదే పూసి గట్టిపరిస్తే అది ఓవర్లే. గోరు కింద పేపర్ ఫామ్ బిగించి, దాని మీద పొడవు కట్టుకుంటూ పోతే స్కల్ప్టింగ్. ప్లాస్టిక్ అచ్చులో జెల్ నింపి గోరుకు అదిమి, గట్టిపడ్డాక అచ్చు ఊడదీస్తే డ్యూయల్ ఫామ్. ముందే తయారై వచ్చే సాఫ్ట్ జెల్ టిప్పును, అంటే కృత్రిమ గోరును, జెల్‌తోనే అతికించడం నాలుగోది. ఈ నాలుగూ నేను చేస్తాను. ఏది ఎవరికి అన్న దగ్గరే గొడవంతా.

అపోహ: అచ్చు ఉంటే పని సగం అయిపోయినట్టే, రీల్ చూసి ఎవరైనా చేసుకోవచ్చు

మొదటి ఏడాది నేనూ ఇదే నమ్మాను. అచ్చు లోపలి వంపే గోరు పైభాగం అవుతుంది కాబట్టి ఫైలింగ్ తక్కువ పడుతుంది, నున్నగా వస్తుంది, టైమ్ కలిసొస్తుంది. ఇంతవరకు నిజమే. కానీ అచ్చు కింద ఏం జరుగుతోందో పైనుంచి సరిగ్గా కనపడదు.

జెల్ నింపిన అచ్చును గోరు మీద పెట్టి నొక్కగానే జెల్ నాలుగు పక్కలకీ జారుతుంది. క్యూటికల్ వైపు, అంటే గోరు మొదట్లో చర్మం ఉండే వైపు, సన్నటి గట్టులా పొంగుతుంది. దాన్ని బ్రష్‌తో తుడవకుండా ల్యాంప్‌లో పెడితే ఆ గట్టు చర్మానికి అతుక్కుని గట్టిపడుతుంది. తర్వాత జెల్ గోరును వదిలి లేవడం మొదలయ్యేది అక్కడి నుంచే. కావలి నుంచి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగినికి పది వేళ్లకూ అచ్చులతో చేశాను, ఫొటోలు తీసుకుని మురిసిపోయాను. ఎనిమిదో రోజు ఫోన్. "మేడమ్, తల దువ్వుకుంటుంటే గోళ్లలో వెంట్రుకలు ఇరుక్కుంటున్నాయి" అంది. జెల్ మొదట్లో లేచిందని మనిషికి ముందుగా తెలిసేది అట్టానే. వచ్చాక చూస్తే ఆరు గోళ్లు లేచి ఉన్నాయి. రెండింటికి అచ్చు ఒక సైజు చిన్నది వాడాను, మిగతావాటికి గట్టు తుడవలేదు. మళ్లీ డబ్బులు తీసుకోకుండా చేశాను. ఈసారి ఓవర్లే.

అచ్చైనా, టిప్పైనా గోరుకు రెండు పక్కలా ఉండే గాడుల్ని సరిగ్గా తాకాలి. రెండు సైజుల మధ్య పడితే పెద్దది తీసుకుని పక్కలు ఫైల్ చేసుకోవాలి, చిన్నదాన్ని అదిమి సరిపెట్టకూడదు. ఇంకో సంగతి, వెలుతురు అచ్చు గుండా లోపలికి దిగాలి. ముదురు రంగు జెల్‌ను దట్టంగా నింపితే పైన కాలి లోపల పచ్చిపిండిగా మిగిలిన రొట్టెలా తయారవుతుంది. అందుకే అచ్చు లోపల క్లియర్ లేదా లేత రంగు జెల్ వాడి, అచ్చు తీశాక చెయ్యి తిప్పి అడుగు వైపు కూడా ల్యాంప్ చూపిస్తాను. రంగు తర్వాత పైన వేస్తాను.

మామూలు వంపున్న గోళ్లకు డ్యూయల్ ఫామ్ బాగా కుదురుతుంది. చిలక ముక్కులా కిందికి వంగినవాటికీ, చివర పైకి లేచేవాటికీ నేను వాడను. అచ్చుది ఒక దారి, గోరుది ఒక దారి. మధ్యలో గాలి చేరుతుంది.

అపోహ: పేపర్ ఫామ్ పాత పద్ధతి, టైమ్ దండగ

టైమ్ పడుతుంది, కాదనను. నా చేతికి పది వేళ్లకు రెండు గంటలు దాటుతుంది. అయినా వంకర గోళ్లకు, కొరికిన గోళ్లకు దీన్ని మించింది నాకు దొరకలేదు. అచ్చులో వంపు ముందే తయారై వస్తుంది. ఫామ్ మీదైతే ఆ గోరుకు ఏ వంపు కావాలో మనం నిర్ణయించుకుంటాం.

ఒంగోలు నుంచి ఒక బీటెక్ అమ్మాయి వచ్చేది. పరీక్షల టెన్షన్‌కి గోళ్లు కొరికి కొరికి, వేలి చివర కండ గోరు కంటే ఎత్తుగా ఉబ్బింది. ఫామ్ దూర్చడానికి గోరు చివర అంచే లేదు. అచ్చు పెడితే కండ మీదే కూర్చుంటుంది. ఫామ్ నోటిని కత్తెరతో ఆ వేలికి తగ్గట్టు కత్తిరించి, కండకు ఆనించి, రెండు మిల్లీమీటర్లు మాత్రమే పొడవు కట్టాను. "ఇంతేనా అక్కా?" అంది, మొహం చిన్నబుచ్చుకుని. ఇంతే. అంతకంటే పొడవు కడితే కింద ఆధారం లేక సొంత గోరుతో సహా విరుగుతుంది. చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మూడు వారాలకోసారి రీఫిల్, అంటే గోరు పెరిగిన చోట మళ్లీ జెల్ నింపడం, చేస్తూ పోతే మూడు నెలలకు తన సొంత అంచు బయటికొచ్చింది. అప్పుడు ఫామ్ మానేసి ఓవర్లేకి మార్చాను.

ఫామ్ బిగించేటప్పుడు గోరుకూ ఫామ్‌కూ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా జెల్ అడుక్కి జారి అక్కడే గట్టిపడుతుంది. పక్క నుంచి చూస్తే ఫామ్ కిందికి వాలకుండా గోరుతో ఒకే గీతలో ఉండాలి. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూసుకున్నాకే నేను బ్రష్ ముట్టుకుంటాను.

అపోహ: ఎంత మందంగా వేస్తే అంత గట్టి

ఈ మాట వినగానే నాకు మైపాడు ఇసుకలో బోర్లించిన పడవలు గుర్తొస్తాయి. వెన్ను ఎత్తుగా, అంచులు పల్చగా. బిల్డర్ జెల్ గోరు కూడా అట్టానే ఉండాలి. గోరు కింది చర్మాన్ని వదిలి బయటికొచ్చే చోట దెబ్బ తగిలితే విరిగే గుణం ఎక్కువ. జెల్ ఎత్తు, అంటే అపెక్స్, ఆ చోటును కాపాడేలా పడాలి. క్యూటికల్ దగ్గర, పక్కల్లో, చివర సన్నబడాలి. అంతటా ఒకే మందం వేస్తే చూడ్డానికి మొద్దుగా ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు గోరు చర్మం మీంచి ఊడి వస్తుంది.

ఓవర్లేలో ఇది సాధించడానికి ముందు వేళ్లకు నెయ్యి రాసినంత పల్చగా ఒక పొర రాస్తాను. దాన్ని ల్యాంప్‌లో పెట్టను. ఆ తడి మీదే గోరు నడిమధ్య ఒక బొట్టు జెల్ దించి, బ్రష్ మొనతో క్యూటికల్ వైపు కొంచెం, చివరి వైపు కొంచెం నడిపిస్తాను. బ్రష్ గోరును తాకకూడదు, జెల్ మీద తేలుతూ పోవాలి. అయ్యాక గోళ్లు నేలకేసి ఉండేలా చెయ్యి తిప్పి పట్టుకుంటే జెల్ దానంతటదే మధ్యకు చేరి వెన్ను తేలుతుంది. పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ తిప్పి చూస్తాను. గోరు మీద పడే ట్యూబ్‌లైట్ మెరుపు వంకర లేని గీతలా ఉంటే ల్యాంప్‌లోకి. ఎక్కడైనా వంకర కనిపిస్తే అక్కడ గుంటో గుబ్బో ఉన్నట్టే.

అదే పనిని రోహిణి కార్తెలో చేసి చూడండి. రోళ్లు పగిలే ఎండల్లో జెల్ తేనెలా ఉండేది కాస్తా మజ్జిగలా జారుతుంది, ఐదు వేళ్లకు ఒకేసారి వేస్తే చిటికెన వేలు దాకా వచ్చేసరికి బొటనవేలిది పక్కల్లోకి కారిపోయి ఉంటుంది. ఎండాకాలం నేను చిక్కటి జెల్‌కు మారతాను, ఒకటి రెండు వేళ్లు వేసి కొన్ని సెకన్లు ల్యాంప్ చూపించి తర్వాతి వేలికి పోతాను. కిటికీ పక్కన జెల్ డబ్బా పెట్టి నష్టపోయిన రోజూ ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు డబ్బాలోనే గడ్డకట్టింది.

అపోహ: ల్యాంప్‌లో చురుక్కుమంటే బాగా పట్టినట్టు

జెల్ గట్టిపడేటప్పుడు దానిలోంచి వేడి పుడుతుంది. పొర ఎంత మందమైతే వేడి అంత ఎక్కువ. గోరు ఎంత పల్చనైతే అంత లోతుగా తెలుస్తుంది. మంట పుట్టిందంటే పొర మందమైందనో, ఇంతకుముందు ఎవరో గోరును ఎక్కువ అరగదీశారనో అర్థం. చెయ్యి వెంటనే బయటికి తీసేయండి, ఓర్చుకుని కూర్చోవద్దు. ల్యాంప్‌కు తక్కువ వేడి మోడ్ ఉంటే అది పెట్టమనండి.

ల్యాంప్ గురించే ఇంకో మాట. "మాది ఇన్ని వాట్లు" అని గొప్పగా చెప్తుంటారు. చూడాల్సింది ఆ జెల్‌కు ఆ ల్యాంప్ తగినదేనా అని. సాధారణంగా ఇవి 365, 405 నానోమీటర్ల దగ్గర వెలుగిస్తాయి, జెల్‌లో ఉండే పదార్థం ఆ వెలుగుకు స్పందించాలి. బొటనవేళ్లను విడిగా పెట్టాలి, నాలుగు వేళ్లతో కలిపి పెడితే అవి పక్కకు ఒరుగుతాయి. కరెంటు పోయి మధ్యలో ల్యాంప్ ఆగితే టైమ్ మొదటి నుంచి పెట్టుకోవాలి. నా ఇన్వర్టర్ కథ అదీ.

అపోహ: గరుకుగా అరగదీస్తేనే జెల్ పట్టుకుంటుంది

గోరు మందమే సుమారు అర మిల్లీమీటరు. దాన్ని డ్రిల్లుతో గీకితే మిగిలేది ఏముంటుంది? మెరుపు పోయేంత వరకు మెత్తటి ఫైల్‌తో తుడిస్తే చాలు. నిజంగా శ్రద్ధ పెట్టాల్సింది గోరు మీద పల్చటి పొరలా అతుక్కుని ఉండే చచ్చిన క్యూటికల్ మీద. నీళ్లలో నానబెట్టకుండా పొడిగా దాన్ని తొలగించాలి. జెల్ లేచిన కేసులు నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ ఆ పొర దగ్గరే మొదలయ్యాయి.

అపోహ: లేచిన చోట ఒక చుక్క గమ్ వేస్తే సరి

వద్దు. లేచిన సందులో తడి నిలుస్తుంది, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరుతుంది, గోరు ఆకుపచ్చగా మారుతుంది. పైనుంచి గమ్ వేస్తే దాన్ని లోపల మూసిపెట్టినట్టే. లేచిన జెల్ పూర్తిగా తీసేయాలి. పచ్చదనం ఉంటే దాని మీద ఏమీ వేయను, చర్మ డాక్టరు దగ్గరికి పంపుతాను. ఆదివారం రొయ్యలు ఒలిచే చేతులకు, గిన్నెలు తోమే చేతులకు పొడవు వద్దని చెప్పేది కూడా ఇందుకే. పొట్టి ఓవర్లే వేయించుకోండి, గ్లవుజులు వేసుకోండి.

అపోహ: హెమా లేని జెల్ అంటే అలర్జీ రాదు

హెమా అంటే జెల్‌లో వాడే ఒక అక్రిలేట్ రసాయనం. అదొక్కటే కాదు, ఆ కుటుంబంలో ఇంకా చాలా ఉన్నాయి. అలర్జీ తెప్పించేది ముఖ్యంగా గట్టిపడని జెల్ చర్మానికి మళ్లీ మళ్లీ తగలడం. అచ్చు దగ్గర గట్టు తుడవమని అంతగా చెప్పింది అందుకే. గోరు చుట్టూ దురద, నీటి పొక్కులు, ఒక్కోసారి కనురెప్పల మీద వాపు కూడా వస్తుంది. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పంటికి వేసే ఫిల్లింగుల్లోనూ, ఎముకల ఆపరేషన్లో వాడే సిమెంటులోనూ ఇదే కుటుంబం పదార్థాలు ఉంటాయి కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. జెల్ వెలుగుకు గట్టిపడటానికి వాడే టీపీవో అనే ఇంకో పదార్థాన్ని యూరోపియన్ యూనియన్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించారు. నేను కొత్త డబ్బా కొన్నప్పుడు ముందు పదార్థాల పట్టీ చదువుతాను, రంగు తర్వాత.

"గోళ్లకు ఊపిరాడదు" అన్నదానికి ఒక్క ముక్క చాలు. గోరు అంటే కెరటిన్ అనే ప్రోటీన్‌తో నిండిన చచ్చిన కణాలు. అది పెరగడానికి కావాల్సింది రక్తం నుంచే అందుతుంది, గాలి నుంచి కాదు.

అపోహ: పెళ్లికి ముందు రోజు వేయించుకుంటే తాజాగా ఉంటుంది

పెళ్లికూతుళ్లతో నాకు వచ్చే తలనొప్పి ఇది. గోరింటాకు పెట్టుకుని, నీలగిరి తైలం పూసుకుని నేరుగా నా దగ్గరికి వస్తారు. ఆ నూనె మీద జెల్ నిలవదు. పైగా గోరింటాకు రంగు గోటి కెరటిన్‌కు పడుతుంది, క్లియర్ జెల్ కింద ఎర్రగా కనపడుతుంది. అది ఇష్టమైతే సరే. లేకపోతే గోరింటాకుకు రెండు మూడు రోజుల ముందే జెల్ వేయించుకోండి. నలుగు పెట్టేటప్పుడు పసుపు టాప్ కోట్‌కు, అంటే జెల్ మీద చివరగా వేసే పొరకు, అంటుతుంది, కంగారు పడొద్దు. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలావరకు పోతుంది, మిగిలిన మరక ఎండకు వెలిసిపోతుంది. మెరుపు పొడి కావాలంటే వేస్తాను. చాలా మెరుపు పొడుల్లో ఉండేది అభ్రకమే, అభ్రకం గనులున్న గూడూరు వాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

కాన్పు తేదీ దగ్గరపడ్డవాళ్లకూ, ఆపరేషన్ ఉన్నవాళ్లకూ వేయను. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పుకు అడ్డమని చాలా ఆసుపత్రుల్లో తీయించుకుని రమ్మంటారు.

అపోహ: వద్దనుకుంటే పీకేస్తే పోతుంది

పోతుంది, గోటి పై పొరతో సహా. మళ్లీ పూర్తి గోరు రావడానికి ఆరు నెలలు. వేయించుకునే రోజే అడగండి, ఇది సోక్ ఆఫ్ జెల్లా, హార్డ్ జెల్లా అని. సోక్ ఆఫ్ అయితే పైన ఫైల్ చేసి, అసిటోన్ దూది పెట్టి ఫాయిల్ చుట్టి పది, పదిహేను నిమిషాలు ఆగితే మెత్తబడుతుంది. హార్డ్ జెల్ అసిటోన్‌కు కరగదు, ఫైల్‌తోనే తీయాలి. తీయడానికి నేను విడిగా డబ్బులు తీసుకుంటాను. "తీయడానికి కూడా డబ్బులేంది అక్కా?" అని అడిగే ప్రతి ఒక్కరికీ, పీక్కుని వచ్చిన ఒకమ్మాయి బొటనవేలి ఫొటో ఫోన్లో చూపిస్తాను.