మనోభావాల కేసులు: అపోహలు - వాస్తవాలు

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు నాది. మతాన్ని కించపరిచారన్న కేసుల్లో రెండు వైపులా వకాల్తా వేశాను. ఫిర్యాదు ఇచ్చినవాళ్లూ, ఇరుక్కున్నవాళ్లూ దాదాపు ఒకే రకం అపోహలతో వస్తారు.

అపోహ: "మా మనోభావాలు దెబ్బతిన్నాయి వకీల్ సాబ్. వాడు జైలుకి పోవాల్సిందే."

వాస్తవం: మీకెంత నొప్పి కలిగిందో కాదు, వాడు ఏ ఉద్దేశంతో అన్నాడో చట్టం చూస్తుంది. పాత ఐపీసీ 295ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. కావాలని, దురుద్దేశంతో ఒక వర్గం మతాన్ని అవమానిస్తేనే ఇది వర్తిస్తుంది. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. మనవైపు ఉదాహరణ కావాలా? ధోనీని విష్ణుమూర్తిలా ఒక పత్రిక ముఖచిత్రంగా వేస్తే అనంతపురంలో కేసు పెట్టారు. తెలియకనో, అజాగ్రత్తగానో చేసింది ఈ సెక్షన్ కిందికి రాదని 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పైగా ప్రభుత్వ అనుమతి లేకుండా 299 కేసును కోర్టు విచారణకు తీసుకోదు.

ఎగతాళి చేసేవాళ్లు అప్పుడే సంబరపడొద్దు. 299 నాన్ బెయిలబుల్, శిక్ష 3 ఏళ్ల దాకా. 7 ఏళ్లలోపు శిక్ష కాబట్టి మామూలుగా వెంటనే అరెస్టు చేయకుండా ముందు నోటీసే ఇస్తారు. కానీ కేసు తేలేదాకా పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ అంటే టెన్షనే.

అపోహ: ఈ చట్టం "వాళ్ల" కోసం తెచ్చారు.

వాస్తవం: ఎవరా వాళ్లు అన్నది క్లయింటును బట్టి మారుతుంది. సెక్షన్‌లో ఏ మతం పేరూ లేదు. ప్రవక్తపై అవమానకరమైన పుస్తకం వేసిన ప్రచురణకర్తను, ఉన్న చట్టంలో ఆ నేరం ఇమడదని లాహోర్ హైకోర్టు 1927లో వదిలేసింది. ఆ గొడవలోంచే అదే ఏడాది 295ఏ పుట్టింది. చట్టమైతే వచ్చింది గానీ ఆ మనిషిని 1929లో చంపేశారు.

అపోహ: పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ పడితే కేసు పోతుంది.

వాస్తవం: కొత్త సంహితలోని 302 అయితే పోవచ్చు. (ఎఫ్ఐఆర్‌లో 302 చూసి హత్య కేసనుకుని ఇంటిల్లిపాదీ ఏడుస్తూ వస్తారు. హత్య ఇప్పుడు 103. ఒక మనిషి మతభావాలను నొప్పించాలని మాట అనడం 302.) ఎవరిని నొప్పించారో వాళ్లే రాజీ పడొచ్చు. 299కి ఆ వీలు లేదు, కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేసుకోవాల్సిందే.

అపోహ: భక్తి ముదిరితే మతోన్మాదం.

వాస్తవం: నేను చూసినంతలో కాదు. 2023 సెప్టెంబర్ 28న గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు వచ్చాయి. హైదరాబాద్‌లో మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నది మతపెద్దలే. మరుసటి ఏడాదీ అలాగే వాయిదా వేసుకున్నారు. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో చాలామందికి గుడీ పట్టదు, మసీదూ పట్టదు. ఫోనే లోకం.

అపోహ: "నేను రాయలేదన్నా, ఫార్వర్డ్ చేశానంతే."

వాస్తవం: ఏ మాట తగిలించి పంపావు, ఎన్ని గ్రూపుల్లో వేశావు అన్నదాన్ని బట్టి నీ ఉద్దేశమూ చూస్తారు. సాక్ష్యం కింద ముందు ఫోన్ తీసుకుంటారు. ఇలాగే ఒకతను రాత్రి పదకొండుకి వెకిలి వీడియో ఒకటి పంపి, పొద్దున్నే డిలీట్ చేశాడు. అప్పటికే స్క్రీన్‌షాట్లు స్టేషన్‌కి చేరాయి. అతని ఫోన్ ఇంకా కేసు ప్రాపర్టీలోనే ఉంది, ఈఎంఐ మాత్రం నెలనెలా కడుతున్నాడు.